ఏడు కిలోల సంసారం

మన సాఫ్ట్‌వేర్ జనాలకి వాదించే అలవాటు కాస్త ఎక్కువే. కోడ్‌లో ట్యాబ్ కొట్టాలా, స్పేసులు కొట్టాలా అన్నదాని మీద గంటలకొద్దీ కొట్టుకోగలం. రెండ్రోజుల్లో అయిపోతుందని మేనేజరన్న పని ఎందుకు కాదో పది కారణాలు వరసపెట్టి చెప్పగలం. అలాంటి మనం విమానం ఎక్కేముందు మాత్రం “హ్యాండ్ లగేజి ఏడు కిలోలు” అనగానే నోరెత్తకుండా ఒప్పేసుకుంటాం. ఏడే ఎందుకు? ఆ ఏడు పెట్టె బరువుతో కలిపా, కలపకుండానా? లాప్‌టాప్ సంగతేంటి? మధ్యలో విమానం మారితే ఏ కంపెనీ లెక్క చెల్లుతుంది? ఇవేవీ అడగం. ప్రయాణానికి ముందు రాత్రి బరువు చూసుకునే మిషను బయటికి లాగి, ముందు మనమెక్కి, తర్వాత పెట్టె పట్టుకుని ఎక్కి, తేడా కట్టి, “ఏడున్నరొచ్చింది, ఆ కందిపొడి తీసెయ్” అంటాం. అక్కడితో సరి.

నా మటుకు నేను పదిహేనేళ్ళ పైనుంచీ అమెరికాకీ హైదరాబాదుకీ మధ్య తిరుగుతున్నాను. ఏ ఏడు టికెట్ ఎందులో చవగ్గా దొరికితే అందులో. అంచేత రకరకాల కంపెనీల కొలతలు, రకరకాల కౌంటర్ల దగ్గర రకరకాల మొహాలు చూసే భాగ్యం కలిగింది. ఇన్నేళ్ళకి నాకర్థమైంది ఒక్కటే. మనం ఏడు కిలోల్లో ఎంత పట్టించాలా అని బుర్ర బద్దలు కొట్టుకుంటాం కానీ, అసలు అడగాల్సిన ప్రశ్న అది కాదు. ఆ బ్యాగు మన చేతిలోంచి పోతే ఏమవుతుంది అన్నది అసలు ప్రశ్న. దానికి వచ్చేముందు కొంచెం లెక్కలు చూద్దాం. లెక్కలు లేకుండా మాట్లాడితే మనవాళ్ళు ఒప్పుకోరు కదా.

హైదరాబాదు నుంచి బయల్దేరే మనవాళ్ళు ఎక్కువగా ఎక్కే విమానాలే తీసుకుందాం, అన్నీ ఎకానమీ క్లాసు లెక్కలే. ఎమిరేట్స్ వాళ్ళు ఒక బ్యాగు, ఏడు కిలోలు, 55 × 38 × 22 సెంటీమీటర్లు అంటారు. ఖతార్ ఎయిర్‌వేస్ కూడా ఏడు కిలోలే, కానీ కొలత 50 × 37 × 25. లుఫ్తాన్సాలో ఎనిమిది కిలోలు, 55 × 40 × 23. ఎయిర్ ఇండియాలో ఏడు. కేఎల్ఎం వాళ్ళది మరో పద్ధతి, బ్యాగూ దాంతోపాటు తెచ్చుకునే చిన్న సంచీ రెండూ కలిపి పన్నెండు కిలోలు. బ్రిటిష్ ఎయిర్‌వేస్ దగ్గరికొచ్చేసరికి కళ్ళు తిరుగుతాయి. 56 × 45 × 25 కొలతలో 23 కిలోల దాకా తీసుకోవచ్చు, అది కాక సీటు కింద పెట్టుకునేందుకు ఇంకో సంచీ. ఒకటే షరతు, ఎవరి సాయం లేకుండా మీరే ఎత్తి పైన పెట్టుకోగలగాలి. ఇక అమెరికా కంపెనీలు అమెరికన్, డెల్టా, యునైటెడ్ అయితే మామూలుగా బరువు ఊసే ఎత్తవు. 22 × 14 × 9 అంగుళాలు, అంటే ఇంచుమించు 56 × 35 × 23 సెంటీమీటర్లు, అందులో పడితే చాలు.

చూశారా, ఒకే హైదరాబాదు, ఒకే మనిషి, ఒకే పెట్టె. ఒకచోట ఏడు కిలోలు, ఇంకోచోట ఇరవై మూడు. మూడింతల పైన తేడా. అంటే ఈ ఏడు అన్నది భౌతికశాస్త్రం చెప్పిన అంకె కాదు, ఎవరి వ్యాపారాన్ని బట్టి వాళ్ళు గీసుకున్న గీత.

సరే, ఇన్ని విమానాలకీ పనికొచ్చే ఒకే బ్యాగు కొనాలంటే ఎలా? ఇక్కడ చాలామంది లీటర్లు చూసి కొంటారు, లేదా “క్యాబిన్ సైజు” అన్న చీటీ చూసి కొంటారు. ఆ చీటీ ఏ విమానం క్యాబినో చెప్పదు. మనకి తెలిసిన పద్ధతి మనం వాడొచ్చు. ఒక్కో కొలతకీ విడివిడిగా అన్నిట్లోకీ చిన్నది తీసుకోవాలి. పొడవులో అందరికన్నా పిసినారి ఖతార్ వాళ్ళు, 50. వెడల్పులో అమెరికా వాళ్ళు, 35. మందంలో ఎమిరేట్స్ వాళ్ళు, 22. కాబట్టి 50 × 35 × 22. గుణిస్తే 38.5 లీటర్లు. చక్రాలు, పిడి, బయటి జేబు ఉబ్బు అన్నీ కలిపి ఈ కొలతలో ఉండాలి సుమా! కొట్లో రాసేది చాలాసార్లు చక్రాలు కలపని కొలత. టేపు పట్టుకెళ్ళి కొలుచుకోవడమే మంచిది. కొట్టువాడు వింతగా చూస్తే చూడనివ్వండి.

తర్వాత బరువు. చక్రాల పెట్టె ఖాళీదే రెండున్నర నుంచి మూడున్నర కిలోల దాకా ఉంటుంది. ఏడులోంచి మూడు పోతే మిగిలింది నాలుగు. ఆఫీసు లాప్‌టాపూ దాని ఛార్జరూ కలిపి రెండు కిలోలు. దాన్ని బ్యాగులోనే పెట్టి తూచితే ఇక మిగిలింది రెండు. మనం ఏడు కిలోల సంసారం అనుకుంటున్నది నిజానికి రెండు కిలోల సంసారం. అదే కిలో లోపుండే వీపుసంచీ అయితే నాలుగు కిలోలు మిగులుతాయి. వయసులో ఉన్నవాళ్ళు చక్రాల మోజు వదులుకుంటే ఆ మేరకి లాభం. పెద్దవాళ్ళకి మాత్రం చక్రాలు కావాల్సిందే, వాళ్ళ భుజాల మీద ప్రయోగాలు చెయ్యొద్దు.

“అందరూ కలిసి ఒకే కొలత పెట్టుకుంటే గొడవుండదు కదా” అని మీకు ఈపాటికే అనిపించి ఉంటుంది. అనుకున్నారు. 2015 జూన్‌లో విమానసంస్థల అంతర్జాతీయ సంఘం ఐయాటా ఆ పని మొదలుపెట్టింది. 55 × 35 × 20 కొలతలో ఉన్న బ్యాగుకి “క్యాబిన్ ఓకే” అని ముద్ర వేస్తామంది. ఆ కొలత అమెరికాలో అప్పటికే చెల్లుతున్న బ్యాగుల కన్నా చిన్నది. దాంతో ఇళ్ళలో ఉన్న పెట్టెలన్నీ పారేసి కొత్తవి కొనాలా అని జనం గోల పెట్టారు. రోజుల వ్యవధిలోనే ఆ ఆలోచనని పక్కన పెట్టేశారు. ఉన్న పద్నాలుగు స్టాండర్డ్‌లని ఒక్కటి చేద్దామని కూర్చుంటే చివరికి పదిహేనోది తయారయ్యే కథ మన ఫీల్డులో అందరికీ తెలిసిందే. ఇక్కడ ఆ పదిహేనోది కూడా పుట్టలేదు.

అసలీ చేతిసామాను మీద ఇంత గుంజులాట ఎప్పుడు పెరిగింది? 2008లో చమురు ధరలు మండిపోతున్నప్పుడు అమెరికన్ ఎయిర్‌లైన్స్ మొదటి చెక్-ఇన్ పెట్టెకి 15 డాలర్లు వసూలు చెయ్యడం మొదలెట్టింది. చాలామటుకు మిగతావాళ్ళూ అదే దారి పట్టారు. జనమేం తక్కువ తిన్నారా? కిందికి వెళ్ళాల్సిన పెట్టెల్ని పైకి తేవడం మొదలెట్టారు. సీట్లపైన ఉండే అరలు నిండిపోయాయి. 2010లో స్పిరిట్ కంపెనీ పై అరలో పెట్టే బ్యాగుకీ డబ్బు పుచ్చుకోవడం మొదలెట్టింది. ఇప్పుడు యూరప్‌లో రయనెయిర్ లాంటివాటిల్లో మామూలు టికెట్ మీద ఉచితంగా దొరికేది సీటు కింద పట్టే సంచీ ఒక్కటే, అది 40 × 30 × 20. 2025కి ముందు ఇంకా చిన్నదే. యునైటెడ్‌లో అన్నిటికన్నా చవకైన బేసిక్ ఎకానమీ టికెట్ తీసుకుంటే అమెరికా లోపలి ప్రయాణాల్లో పై అరలో బ్యాగు పెట్టనివ్వరు. అంతర్జాతీయ టికెట్ ఒకటీ, దిగాక లోపలి టికెట్ విడిగా ఇంకొకటీ కొనుక్కునే మన తెలివైనవాళ్ళు ఇది గుర్తుంచుకోవాలి.

ఇంకో తిరకాసు. టికెట్ మీద ఉన్న పేరు ఒకటి, ఎక్కే విమానం ఇంకొకరిది కావచ్చు. కోడ్‌షేర్ అంటారు. హ్యాండ్ లగేజి విషయంలో చాలామటుకు ఎక్కబోయే విమానం ఎవరిదైతే వాళ్ళ మాటే చెల్లుతుంది. టికెట్‌లో “ఆపరేటెడ్ బై” అని చిన్న అక్షరాల్లో ఉండేది అందుకే చదవాలి. విమానం రకం కూడా చూడాలి. హైదరాబాదు నుంచి రాజమండ్రి, తిరుపతి లాంటి ఊళ్ళకి తిరిగే ఏటీఆర్ విమానాల్లో పై అరలు చిన్నవి. అమెరికాలో చిన్న ఊళ్ళకి తిరిగే బుల్లి జెట్లూ అంతే. సరైన కొలత ఉన్న పెట్టె కూడా వాటిల్లో పట్టదు. మెట్ల దగ్గరే తీసుకుని కింద వేస్తారు. ఇలా తీసుకోవడంలో రెండు రకాలున్నాయి. ఒకటి, దిగగానే విమానం పక్కనే తిరిగి చేతికిచ్చేది. రెండోది, ఆఖరి ఊళ్ళో బెల్టు మీద వచ్చేది. తీసుకునేటప్పుడే “ఎక్కడ ఇస్తారు?” అని అడగాలి. ఈ చిన్న ప్రశ్న ఎంత విలువైందో ఇప్పుడు చెప్తాను.

మూడేళ్ళ క్రితం మా అమ్మ మొదటిసారి ఒంటరిగా మా దగ్గరికి బయల్దేరింది. అంతకుముందు రెండుసార్లు నాన్నతో వచ్చింది. ఆయన పోయాక ఇదే మొదలు. తెనాలి నుంచి హైదరాబాదుకి అక్క తీసుకొచ్చి, దగ్గరుండి పెట్టెలు సర్దింది. క్యాబిన్ బ్యాగు కౌంటర్లో తూచారు, ఆరు కిలోల ఎనిమిది వందల గ్రాములు. కొలతా సరిగ్గానే ఉంది, చీటీ కట్టి పంపారు. అంటే నిబంధన ప్రకారం ఏ లోపమూ లేదు. మధ్యలో ఒక ఊళ్ళో విమానం మారాలి. అక్కడ గేటు దగ్గర, పైన అరలు నిండిపోయాయంటూ సిబ్బందిలో ఒకమ్మాయి వచ్చి అమ్మ బ్యాగు అడిగింది. అమ్మ ఇచ్చేసింది. చేతిలో ఒక కాగితం ముక్క పెట్టారు. ఆ బ్యాగులో బీపీ మాత్రలూ, థైరాయిడ్ మాత్రలూ, డాక్టరు చీటీ, మా ఫోన్ నంబర్లు రాసిన డైరీ ఉన్నాయి. ఏ విమానసంస్థో చెప్పడం అనవసరం, ఇది ఎవరి దగ్గరైనా జరగొచ్చు.

పదహారు గంటల తర్వాత దిగింది. బ్యాగు దిగలేదు. పెద్ద పెట్టెలు రెండూ బెల్టు మీద భేషుగ్గా వచ్చాయి. సున్నుండలు వచ్చాయి, పూతరేకులు వచ్చాయి, ఆవకాయ చుక్క కారకుండా వచ్చింది. మాత్రలు మాత్రం రాలేదు. అది శుక్రవారం సాయంత్రం. మామూలు డాక్టర్లు సోమవారం దాకా దొరకరు. మర్నాడు పొద్దున అర్జెంట్ కేర్‌కి తీసుకెళ్తే బీపీ 170 పైన ఉంది. ఏ మందు వాడుతున్నారని నర్సు అడిగితే “చిన్నది, తెల్లది” అంది అమ్మ. ఇండియాలో ఉన్న అక్కని అర్ధరాత్రి నిద్రలేపి, మందుల కొట్టువాడి ఇంటికి పంపి, పేరు కనుక్కుని, ఇక్కడ అదే మందు రాయించి తెచ్చేసరికి మధ్యాహ్నమైంది. బ్యాగు సోమవారం వచ్చింది. కంపెనీవాళ్ళు మర్యాదగానే ఉత్తరం రాశారు. అసౌకర్యానికి చింతిస్తున్నారట.

“ఎందుకిచ్చావమ్మా, మందులున్నాయని చెప్పొచ్చుగా” అన్నాను. “ఆ పిల్ల నవ్వుతూ అడిగింది నాన్నా. కాదంటే ఏమనుకుంటుందోనని ఇచ్చేశా. మళ్ళీ ఇస్తారుగా అనుకున్నా” అంది. దీనికి ఏ సమాధానం చెప్తాం? నవ్వుతూ అడిగితే కాదనకపోవడం ఆవిడ డెబ్భై ఏళ్ళ అలవాటు. దాన్ని మార్చడం కన్నా సర్దే పద్ధతి మార్చడం తేలిక.

అక్కడ్నించీ నేను మొత్తం వ్యవహారాన్ని తిరగేసి చూడ్డం మొదలెట్టాను. సర్వర్ ఎప్పటికీ పడిపోదని నమ్మి ఎవరైనా సిస్టం కడతారా? పడిపోతే ఏం చెయ్యాలన్నది ముందే ఆలోచిస్తాం. హ్యాండ్ లగేజి కూడా అంతే. పేరులో “హ్యాండ్” ఉంది కదాని అది చివరిదాకా మన చేతిలోనే ఉంటుందన్న హామీ ఎవరూ ఇవ్వలేదు. కౌంటర్లో తీసుకోవచ్చు, గేట్లో తీసుకోవచ్చు, మెట్ల దగ్గర తీసుకోవచ్చు. కాబట్టి మా ఇంట్లో ఇప్పుడు సామాను సర్దేది బరువుని బట్టి కాదు, పోతే వచ్చే కష్టాన్ని బట్టి. మూడు పొరలు.

మొదటిది ఒంటి మీద ఉండేది. మెడలో వేసుకునే చిన్న సంచీయో, నడుముకి కట్టుకునేదో. పాస్‌పోర్టు, ఫోను, ఒక క్రెడిట్ కార్డు, కాస్త డబ్బు, ఒక రోజుకి సరిపడా మాత్రలు, కాగితం మీద రాసిన ఫోన్ నంబర్లు. నిద్రపోయినా, బాత్రూంకి వెళ్ళినా ఇది ఒంటి మీదే ఉండాలి.

రెండోది సీటు కింద పట్టే సంచీ. ఏ కంపెనీ అయినా దాదాపుగా దీన్ని గేటు దగ్గర అడిగి తీసుకోదు. మిగతా మందులన్నీ డాక్టరు చీటీతో సహా ఇందులో. హెచ్-1బి వాళ్ళైతే ఐ-797 ఒరిజినల్, చదువుకోడానికి వెళ్ళేవాళ్ళైతే ఐ-20, డిగ్రీ కాగితాలు ఇందులో. నగలు ఇందులో. లాప్‌టాప్ ఇందులో. ఇన్సులిన్ వాడేవాళ్ళు దాన్ని కింద వేసే పెట్టెలో అస్సలు పెట్టకూడదు, అక్కడ గడ్డకట్టే ప్రమాదముంది. మందులు ద్రవరూపంలో ఉన్నా, 100 మిల్లీలీటర్లు దాటినా ఫర్వాలేదు, తనిఖీ దగ్గర ముందే చెప్పి చూపిస్తే ఒప్పుకుంటారు.

పవర్ బ్యాంకు కూడా ఈ రెండో పొరలోనే. ఇది సౌకర్యం కోసం కాదు, నియమం. లిథియం బ్యాటరీల పవర్ బ్యాంకులు చెక్-ఇన్‌లో వెయ్యకూడదు. 100 వాట్-అవర్ల లోపు మామూలుగా తీసుకెళ్ళొచ్చు, 100 నుంచి 160 మధ్యయితే కంపెనీ అనుమతి కావాలి. లెక్క తేలికే, 20,000 ఎంఏహెచ్‌ని 3.7 వోల్టులతో గుణించి వెయ్యితో భాగిస్తే 74. 2025 జనవరిలో దక్షిణ కొరియాలో ఎయిర్ బుసాన్ విమానం పై అరల దగ్గర మొదలైన మంటలకి నేలమీదే కాలిపోయింది. ఆ ఏడాది కంపెనీలు నిబంధనలు బిగించాయి. ఎమిరేట్స్‌లో 2025 అక్టోబరు నుంచి మనిషికి ఒక్కటే తీసుకెళ్ళాలి, విమానంలో దాన్ని వాడకూడదు, పై అరలో పెట్టకూడదు. గేటు దగ్గర బ్యాగు తీసుకుంటున్నారంటే అందులోంచి పవర్ బ్యాంకు తీసెయ్యాల్సిన బాధ్యత మనదే.

మూడోది పై అర బ్యాగు. ఇందులో ఏముండాలి? పోయినా రెండ్రోజులు బతకగలిగినవి. రెండు జతల బట్టలు, పుస్తకాలు, పిల్లల బొమ్మలు, శాలువా. గేటు దగ్గర ఎవరైనా అడిగితే సంతోషంగా ఇచ్చేయగలిగేట్టు ఉండాలి. నేనైతే అడక్కముందే ఇచ్చేస్తాను. అరలు నిండిన రోజున ఉచితంగానే కింద వేస్తారు, మధ్యలో ఈడ్చుకుతిరిగే పని తప్పుతుంది.

నగలు చెక్-ఇన్‌లో వేసి తాళం వేశాం కదా అనుకునేవాళ్ళకి ఒక అంకె చెప్పాలి. అంతర్జాతీయ ప్రయాణంలో పెట్టె పోయినా, పాడైనా, ఆలస్యమైనా కంపెనీ బాధ్యతకి 1999 నాటి మాంట్రియల్ ఒప్పందం ఒక హద్దు గీసింది. 2024 డిసెంబరు 28 నుంచి అది మనిషికి 1,519 ఎస్‌డీఆర్‌లు. ఎస్‌డీఆర్ అంటే అంతర్జాతీయ ద్రవ్యనిధి వాడే లెక్క, డాలర్లలో చూస్తే రెండు వేల పైచిలుకు. పెట్టెకి కాదు, మనిషికి. ఈ రోజు బంగారం ధరకి ఆ డబ్బుతో ఏమొస్తుందో మీకే తెలుసు.

ఇంకో కారణం కూడా ఉంది, కాస్త భయపెట్టేదే. 2024 జనవరి 2న టోక్యో హనేడా విమానాశ్రయంలో దిగుతున్న జపాన్ ఎయిర్‌లైన్స్ విమానం రన్‌వే మీద తీరరక్షక దళం విమానాన్ని గుద్దుకుని మంటల్లో చిక్కుకుంది. తీరరక్షక విమానంలో ఉన్న ఆరుగురిలో ఐదుగురు చనిపోయారు. పెద్ద విమానంలో ఉన్న 379 మందీ ప్రాణాలతో బయటపడ్డారు. ప్రయాణికులు సామాను జోలికి పోకుండా దిగడం అందుకు ఒక ముఖ్య కారణమని అంతా మెచ్చుకున్నారు. మనకి కావాల్సినవన్నీ పై అరలో ఉంటే, అలాంటి క్షణంలో చెయ్యి పైకి లేవకుండా ఉంటుందా? పాస్‌పోర్టు ఒంటి మీదుంటే లేవదు. మొదటి పొర వెనకున్న అసలు సంగతి ఇది.

ఇక మనవాళ్ళ తెలివితేటలు. కోటు జేబుల్లో ఛార్జర్లు కుక్కడం, మూడు స్వెటర్లు ఒకదాని మీద ఒకటి వేసుకుని మే నెలలో శంషాబాద్‌లో చెమటలు కక్కడం, తూకం అయ్యేదాకా సగం సామాను సాగనంపడానికొచ్చిన బావమరిది చేతిలో ఉంచడం. నవ్వుకోడానికి బావుంటాయి. కానీ ఇవన్నీ కౌంటర్ని దాటే ఉపాయాలే తప్ప ప్రయాణాన్ని దాటించే ఉపాయాలు కావు. పదిన్నర కిలోల బ్యాగుని ఏడని నమ్మించి తీసుకెళ్తే గేట్లో మొదట కళ్ళు పడేది దాని మీదే.

హ్యాండ్ లగేజిలోకి రాకూడనివి కూడా చెప్పేసుకుందాం. 2006 ఆగస్టులో లండన్‌లో బయటపడ్డ ద్రవ పేలుడు పదార్థాల కుట్ర తర్వాత 100 మిల్లీలీటర్ల నియమం వచ్చింది. ఆవకాయ, గోంగూర, నెయ్యి, చింతపండు గుజ్జు, అన్నీ వాళ్ళ దృష్టిలో ద్రవాలో, ముద్దలో. “ఇది పచ్చడండీ, ద్రవం కాదు” అని వాదించి గెలిచినవాణ్ణి నేనింతవరకూ చూళ్ళేదు. కొన్నిచోట్ల కొత్త యంత్రాలొచ్చి సడలించారు కానీ మధ్యలో మారే విమానాశ్రయంలో పాత నియమమే ఉంటే సీసా అక్కడ చెత్తబుట్ట పాలు. పొడులకీ లెక్క ఉంది. 2018 జూన్ 30 నుంచి అమెరికా వచ్చే విమానాల్లో 350 మిల్లీలీటర్లు మించిన పొడి ఏదైనా విడిగా తనిఖీ చేస్తారు, ఏమిటో తేలకపోతే ఆపేస్తారు. కందిపొడి, కరివేపాకు పొడి, సున్నిపిండి అన్నీ అందులోకే వస్తాయి. కిందికి వెళ్ళే పెట్టెలో వేసుకోండి, హాయి. కొబ్బరికాయకీ మన దేశంలో హ్యాండ్ లగేజిలో చోటు లేదు. శబరిమల వెళ్ళే అయ్యప్ప స్వాముల ఇరుముడి కోసం 2022 నవంబరు నుంచి 2023 జనవరి 20 దాకా ప్రత్యేకంగా మినహాయింపు ఇవ్వాల్సొచ్చింది.

అమ్మానాన్నల్ని ఒంటరిగా పంపేవాళ్ళకి ఇంకో మాట. మనం నాలుగు భాషల్లో కోడ్ రాస్తాం గానీ, వాళ్ళకి గేటు దగ్గర అవసరమైన ఒక్క వాక్యం రాసివ్వం. అమ్మకి నేనొక అట్టముక్క చేసిచ్చాను. ఒకవైపు ఇంగ్లీషులో పెద్ద అక్షరాలతో, “ఈ సంచీలో నా మందులున్నాయి, ఇది నా దగ్గరే ఉండాలి. పెద్ద బ్యాగు తీసుకోండి. అది నాకు ఎక్కడ ఇస్తారు?” అని. కింద ఏ మందు ఏ మోతాదులో వాడుతున్నారో ఉండాలి. బ్రాండు పేరు దేశాన్ని బట్టి మారుతుంది కాబట్టి అసలు మందు పేరు రాయాలి. రెండోవైపు తెలుగులో, ఎవరైనా బ్యాగు అడిగితే ఏం చెయ్యాలో వరసగా. “కాదనక్కర్లేదమ్మా, ఇది చూపిస్తే చాలు” అన్నాను. కాదనక్కర్లేదు అన్నాక ఆవిడ మొహంలో కాస్త ధైర్యం కనిపించింది. దాంతోపాటు మందుల పట్టీ ఫోటో నా ఫోన్లోనూ అక్క ఫోన్లోనూ పెట్టుకున్నాం.

పైన రాసిన కిలోలూ సెంటీమీటర్లూ ఎప్పుడైనా మారొచ్చు. టికెట్ కొన్నరోజు ఒకసారి, బయల్దేరే ముందురోజు ఇంకోసారి ఆ విమానం నడిపే కంపెనీ సైటులో చూసుకోండి. పొరల లెక్క మాత్రం ఏ విమానానికైనా ఒకటే.

కిందటేడు అమ్మ మళ్ళీ వచ్చింది. గేటు దగ్గర మళ్ళీ బ్యాగు తీసుకున్నారు, అది మళ్ళీ ఒకరోజు ఆలస్యంగా వచ్చింది. ఈసారి అందులో నాలుగు చీరలు, ఒక శాలువా, పిల్లలకి రెండు తెలుగు బొమ్మల పుస్తకాలు తప్ప ఏమీ లేవు. ఎయిర్‌పోర్టు నుంచి కార్లో వస్తూ దారిలోనే సంచీలోంచి మాత్ర తీసి వేసుకుంది. “బ్యాగు రేపొస్తుందట, రానీలే” అంది. మీ ఇంట్లో ఎవరైనా త్వరలో బయల్దేరుతుంటే బరువు తూచే ముందు ఒక్కసారి మాత్రలు ఏ సంచీలో ఉన్నాయో చూడండి.